భీమయ్యకు వచ్చిన జబ్బులు

హారిసన్, కాన్‌బెర్రా
ఆగస్టు 18, మంగళవారం

శ్రీవారికి శేషు నమస్కరించి రాసే సంగతులు.

ఇక్కడ నేను కులాసా. హీటరు కులాసా. మీ కరివేపాకు మొక్కను కుండీతో సహా హాల్లోకి లాగాను కనుక అదీ కులాసాయే. అక్కడ మీరూ, మీ దుర్భిణులూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. భీమయ్య ఎలా ఉన్నాడన్నది మాత్రం ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివితే గానీ తెలియదు. మీకు ఏ కాగితమైనా వెనక నుంచి చదివే అలవాటు ఉంది. ఈ ఒక్కదాన్ని దయచేసి ముందు నుంచి చదవండి.

మీ ఉత్తరం శుక్రవారం అందింది. భీమయ్య గురించి ఏడు ప్రశ్నలు, నా మోకాలి గురించి ఒక ప్రశ్న, చివర నాలుగైదు లైన్లు. ఆ లైన్లు చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం ఇంకో ఆరు నెలలు పొడిగిస్తామని వాళ్లు అడిగారనీ, నెలాఖరులోగా జవాబు చెప్పాలనీ, మీరు వద్దని చెప్పెయ్యబోతున్నారనీ రాశారు. ‘ముప్పై అయిదేళ్లు యునిక్స్ కంప్యూటర్లతో కాపురం చేశాను. ఇంట్లో ఉన్న ఒక్క యంత్రానికి ఏమైందో కనిపెట్టలేకపోతున్నాను. నువ్వు రాసేవన్నీ ఎక్కడో చూసినట్టే ఉంది, ఎక్కడన్నది గుర్తు రావడం లేదు. నాన్నకి కూడా అరవై మూడో ఏటే ఇలా మొదలైంది. ఇక పెద్ద యంత్రాలు నా చేతిలో పెట్టడం న్యాయం కాదు’ అన్నారు. అక్టోబరులో మీకు అరవై మూడు వస్తాయని మీరు రాయలేదు గానీ ఆ లెక్క నాకూ తెలుసు.

దానికి జవాబు రాయడానికే కూర్చున్నాను. ఈ ఉత్తరం గురువారం విమానం అందుకోవాలని పొద్దున్నే పోస్టాఫీసుకి వెళ్లి పసుపుపచ్చ ఎక్స్‌ప్రెస్ కవరు కూడా కొనుక్కొచ్చాను. అయితే ఆ జవాబు రాయడానికి కొంచెం ధైర్యం కావాలి. అది కూడగట్టుకునేలోపల తేలిక సంగతులు రాస్తాను.

పోస్టాఫీసులో సీతాదేవి కనిపించింది. మన వెనక వీధిలో ఉంటారు చూడండి, వరంగల్ వాళ్లు, ఆవిడే. కవరు మీద నేను అడ్రసు రాస్తుంటే తొంగి చూసింది.

“ఏందక్కా, గీ జమానాల ఉత్తరాలేంది? సార్‌కు ఫోన్ లేదా?”

“అక్కడ సెల్‌ఫోన్ ఆన్ చెయ్యకూడదమ్మా. ఎడారి మధ్యలో, నక్షత్రాల నుంచి వచ్చే రేడియో సడి వినే చోటు. మనం హలో అంటే వాళ్లకి ఆకాశం వినపడదట. ఆయన వాళ్ల కంప్యూటర్లు చూసుకుంటున్నారు. క్యాంటీన్ గోడకి తీగ ఫోన్ ఒకటుంది. ఆదివారం మనిషికి పది నిమిషాలు.”

“మరి ఈమెయిల్ కొడ్తె అయిపాయె గద?”

“ఆయన ఈమెయిల్ భీమయ్యలో ఉంది. భీమయ్యకి జూన్ నుంచి బాగోలేదు.”

“అయ్యో! భీమయ్య ఎవరక్కా, మీ మామనా? డాక్టర్‌కు చూపించిన్రా?”

లాండ్రీ అల్మారాలో ఉన్న పాత కంప్యూటరని చెప్పాను. పదిహేనేళ్ల నాటిదనీ, బరువూ ఆకలీ ఎక్కువ కనుక మీరు దానికా పేరు పెట్టారనీ, మన ఫొటోలూ మీ ఉత్తరాలూ మన తెలుగువాళ్ల పాట్‌లక్ విందుకి ఏ ఇంటివాళ్లు ఏం వండి తేవాలన్న లిస్టూ అన్నీ దాని కడుపులోనే ఉన్నాయనీ చెప్పాను. “గట్లనా! గందుకే జూన్ పాట్‌లక్‌ల పదకొండు ఇండ్లోళ్లు పులిహోరనే తెచ్చిన్రు” అంది. నిజమే కదా, లిస్టు వెళ్లలేదు. నలభై మంది జనం, పదకొండు పులిహోరలు, కూర ఒక్కటి. ఆ కూర కూడా సీతాదేవిదే కనుక ఆవిడ ఇంకా మరిచిపోలేదు. వేరే కంపెనీ మెయిల్ ఎందుకు తీసుకోరని కూడా అడిగింది. ఆ ప్రశ్నకు మీరిచ్చే ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు గానీ, పోస్టాఫీసులో నా వెనక క్యూ ఉంది. ఆఫీసు మెయిల్ సొంత పనికి వాడకూడదన్న నియమం అక్కడ మీరే రాసి, మీరే సంతకం పెట్టారన్నది మాత్రం చెప్పాను. ఆవిడ నా వంక చాలా జాలిగా చూసింది.

ఇక ప్రశ్నలు. మోకాలు బాగానే ఉంది. ఫిజియో అమ్మాయి చెప్పినవి రోజుకు రెండుసార్లు చేస్తున్నాను. సరే, ఒకసారి.

డిస్కు నిండిపోయిందన్న మాట ఇప్పటికీ మంగళవారాలు మాత్రమే వస్తోందా అన్నారు. ఈరోజు మంగళవారమే. రాలేదు. గడియారం పదకొండు నిమిషాలు వెనక్కి నడుస్తోందా? లేదు. నెట్‌వర్క్ కార్డు మాయమై మళ్లీ కనిపిస్తోందా? లేదు. ‘ప్రింటర్ తగలబడుతోంది’ అని రాసి చూపించిందన్నావు, మనకు ప్రింటరే లేదు కదా, తగలబడేది ఏమిటి అని అడిగి కింద రెండుసార్లు గీత గీశారు. ప్రింటరూ లేదు, మంటా లేదు. మిగతా మూడింటికీ కూడా లేదనే జవాబు. ఈ ఏడింటి వెనకా ఉన్నది ఒకటే కారణం. అది చెప్పాలంటే జూన్ నుంచి మొదలెట్టాలి.

జూన్ మొదటి ఆదివారం మన ఫోన్ మీకు గుర్తుండే ఉంటుంది. గుర్తుంది కదా? చూశారా, మీ జ్ఞాపకానికేమీ కాలేదు. భీమయ్య పది నిమిషాలు నడిచి ఆగిపోతున్నాడని నేనన్నాను. మీరు ఏదో టైపు చెయ్యమన్నారు.

“ఎంటర్ నొక్కావా?”

“నొక్కాను.”

“ఏమొచ్చింది?”

“ఏమీ రాలేదు.”

“అయితే పని అయిపోయింది.”

“ఏమీ రాకపోతే అయిపోయినట్టు ఎలా అవుతుందండీ? అయింది అని ఒక్క మాట అనొచ్చు కదా?”

“యునిక్స్ పద్ధతే అంత శేషూ. పని సవ్యంగా అయితే మాట్లాడదు. తేడా వస్తేనే నోరు తెరుస్తుంది.”

“ఓహో! ఈ గుణం మీరు దానికి నేర్పారా, అది మీకు నేర్పిందా?”

ఆ తరువాత మిగిలిన ఏడు నిమిషాలూ ఏమి మాట్లాడుకున్నామో మళ్లీ రాయక్కర్లేదు. మీ వెనక ఫోన్ కోసం నిలబడ్డ వాళ్లు తెలుగు రాకపోయినా సంగతి అర్థమై నవ్వుతున్నారు, నాకు వినిపించింది. ఆరోజు సిడ్నీ రౌస్ హిల్ నుంచి మన బిందూ, అల్లుడు సాకేతూ వచ్చి ఉన్నారు. బిందు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, “ఓకే, స్టాప్ ఇట్, బోత్ ఆఫ్ యూ. న్యూ రూల్. సండే కాల్ ఓన్లీ హెల్త్ గురించి. యునిక్స్ గొడవలన్నీ పోస్ట్‌లో పంపుకోండి” అంది. అది వేళాకోళానికి అన్నది. మనిద్దరం మొండిఘటాలం కనుక శాసనంలా పట్టుకున్నాం. సాకేత్ అప్పుడే, “అత్తయ్యా, దాన్ని బిన్‌లో పడేసి అన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం, ఒక్క ఆర్వోలో, అదే, ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది” అన్నాడు. “అంత పని చేస్తే మీ మామయ్య ఆ ఎడారి నుంచి నడిచి వస్తారు బాబూ” అన్నాను.

అలా మొదలయ్యాయి ఉత్తరాలు. మీ మొదటి ఉత్తరం నా దగ్గరే ఉంది, ఇప్పుడు ముందు పెట్టుకునే రాస్తున్నాను. రెండు పేజీలు, పద్నాలుగు అంకెలు. ‘ఇది టైపు చెయ్యి, వచ్చింది వచ్చినట్టు కాగితం మీద రాసి పంపు.’ ఎలా ఉన్నావు అన్న మాట పైనా లేదు, కిందా లేదు. నాలుగో అంకె చేస్తే భీమయ్య, నీకు ఆ అధికారం లేదు, ఈ సంఘటన గురించి ఫిర్యాదు వెళ్తుంది అన్నాడు. ఎవరికి వెళ్తుందో తెలియక రెండు రోజులు వీధి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. ఫిర్యాదు మీకే వస్తుందనీ, మీ మెయిల్ చచ్చిపోయింది కనుక రాదనీ తరువాతి ఉత్తరంలో రాశారు. దాంతోపాటు అధికారం ఉన్న పాస్‌వర్డు పంపారు, సగమే. దొంగల చేతిలో పడకుండా మిగతా సగం వేరే కవరులో, మూడు రోజులు ఆగి. రెండో సగం ముందొచ్చింది, మొదటి సగం వెనకొచ్చింది, ఏది ఏదో మీరు రాయలేదు. హారిసన్‌లో మన పాస్‌వర్డు కోసం పోస్ట్‌మ్యాన్‌ను ఆపి కవర్లు చింపే దొంగ ఎవరో నాకైతే ఈరోజుకీ అంతుపట్టలేదు.

ఆ పద్నాలుగు అంకెల్లో ఆరోది చూడండి. ‘పక్క మూత విప్పి, లోపల ఫ్యాను తిరుగుతోందో లేదో చూడు.’ నేను ‘చూశాను, బ్రహ్మాండంగా తిరుగుతోంది’ అని రాసి పంపాను.

అది అబద్ధం. నేను మూత విప్పలేదు. విప్పితే లోపల ఏముంటుందో విప్పకుండానే తెలుసు.

సరే, ఇక దాచి లాభం లేదు. ఈ ఊరి జూన్, జూలై చలికాలంలో ఇడ్లీ పిండి పులవదని మీకు తెలుసు. ఓవెన్‌లో దీపం వేసి చూశాను, దుప్పటి చుట్టి చూశాను, హీటరు పక్కన పెట్టి చూశాను. మూడో రోజుకి కూడా ఆ పిండి రుబ్బినప్పటి మొహమే వేసుకుని ఉంటుంది. ఈ ఇంట్లో రాత్రీ పగలూ వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, భీమయ్య నెత్తి. నాలుగేళ్లుగా ప్రతి చలికాలం మీరు ఆఫీసుకి వెళ్లగానే గిన్నె అక్కడ పెడుతున్నాను, మీరు వచ్చేలోగా తీసేస్తున్నాను. ‘ఈ ఇడ్లీలు కాన్‌బెర్రాలో ఎవరికీ కుదరవు శేషూ, నీ చేతిలో ఏదో ఉంది’ అని మీరు పదిమందిలో మెచ్చుకునేవారు. నా చేతిలో ఏమీ లేదండీ. అంతా భీమయ్య వేడి.

మీరు వెళ్లాక తీసే తొందర లేకపోయింది కదా. జూన్ ఒకటిన సీతాదేవి ఇచ్చిన కొత్త మినప్పప్పుతో రుబ్బి, గిన్నె నిండా పోసి, మీ పాత స్వెట్టరు చుట్టి భీమయ్య మీద పెట్టి పడుకున్నాను. నా జన్మలో పిండి అలా పొంగడం చూడలేదు. పొద్దున లేచేసరికి మూత పక్కకి పోయి, స్వెట్టరు తడిసి, భీమయ్య నెత్తి మీది జల్లెడ కన్నాల్లోంచి లోపలికి దిగిపోయింది. అల్మారా అంతా కాలిన అట్టు వాసన. పైపైన తుడిచి, ఒక రోజు ఆరబెట్టి, దేవుడికి దణ్ణం పెట్టి మీట నొక్కితే లేచాడు. లేచి పది నిమిషాలు నడిచి, ఒళ్లు కాలిపోయి ఆగిపోయాడు. మీకు ఫోన్ చేసింది అప్పుడే. పిండి ఊసు మాత్రం ఎత్తలేదు.

అంటే మొదటి ఉత్తరంలోనే, ఆరో అంకెలోనే, మూడు వేల కిలోమీటర్ల అవతల నుంచి, చూడకుండా, మీరు జబ్బు పట్టేశారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. మీరు మాత్రం నా మాట నమ్మి, ఫ్యాను తిరుగుతోంది కనుక ఇంకెక్కడో ఉందని వెతకడం మొదలుపెట్టారు. నలభై రోజులు అలా తిప్పాను మిమ్మల్ని.

జూలై పద్దెనిమిదో తేదీ, శనివారం, ఇక ఉండబట్టలేక మీ స్క్రూడ్రైవర్ల పెట్టె తీశాను. ప్లగ్గు పీకాను. నాలుగు మరలు విప్పి పోపుల డబ్బా గిన్నెలో వేసుకున్నాను. పిండి అంతా ఫ్యాను మీదే పడింది, చిప్పులున్న పచ్చరంగు పలక మీద పెద్దగా పడలేదు. మహా అదృష్టం. ఫ్యాను రెక్కలకి ఎండిపోయి అప్పడాల్లా అంటుకుని ఉంది. పాత టూత్‌బ్రష్షూ, దూదీ, స్పిరిటూ, హెయిర్ డ్రయ్యరూ పెట్టుకుని రెండున్నర గంటలు కూర్చున్నాను. మోకాలు గురించి అప్పుడు గుర్తే రాలేదు. వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. మూత బిగించి మీట నొక్కి, మీరు నేర్పిన కమాండే కొడితే వేడి నలభై ఒకటి చూపించింది. అంతకుముందు తొంభై ఏడు. బిందుకి చిన్నప్పుడు టైఫాయిడ్ దిగినప్పుడు ఎంత సంతోషించానో అంత సంతోషం వేసింది. లాండ్రీలో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను.

అవునండీ. భీమయ్య జూలై పద్దెనిమిది నుంచి నిక్షేపంలా ఉన్నాడు. ఈ పూటకి ముప్పై ఒక్క రోజులు, ఆగకుండా. పాట్‌లక్ లిస్టు కూడా ఆగస్టులో వేళకి వెళ్లింది, పులిహోర ఒక్కటే వచ్చింది. పొద్దున పోస్టాఫీసులో సీతాదేవితో బాగోలేదన్నదీ అబద్ధమే.

మరి ఈ మంగళవారాలేమిటి, తగలబడే ప్రింటరేమిటి అని అడుగుతారు. పిండి సంగతి చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇది చెప్పడానికి భయపడుతున్నాను.

ఆ సోమవారం ‘బాగుపడింది’ అని మీకు రాయడానికి కాగితం తీసుకుని కూర్చున్నాను. అప్పుడే పోస్టులో మీ ఉత్తరం వచ్చింది. మొదటి ఉత్తరంలో నా ఊసు లేదన్నాను కదా. రెండోదాంట్లో అడుగున ‘చలి ఎలా ఉంది?’ అని ఒక్క ముక్క రాశారు. మూడోదాంట్లో అక్కడి వంటాయన పప్పులో కొబ్బరిపాలు పోస్తున్నాడని అరపేజీ ఏడ్చారు. ఈ ఉత్తరంలో భీమయ్య ఒక్క పేజీలో అయిపోయాడు. రెండో పేజీ అంతా పువ్వులు. ఈ ఏడు వాన ముందే పడిందనీ, ఎర్రమట్టి మీద కాగితంతో చేసినట్టున్న తెల్లపువ్వులు కనుచూపుమేర లేచాయనీ రాశారు. ‘నువ్వుంటే ఆ చివరిదాకా నడిచేవాళ్లం. ఒక్కడినే బయల్దేరాను గానీ, సగం దూరం వెళ్లి తిరిగొచ్చేశాను’ అని రాశారు.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో మీరు నాకు ఒక్క ఉత్తరం రాయలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకి ఉత్తరాలెందుకు, నిజమే. కానీ ఒకే ఇంట్లో ఉండి మీరు నాతో మాట్లాడింది కూడా ఎంతని? పొద్దున ‘కాఫీ’, సాయంత్రం ‘ఏమైనా పోస్టు వచ్చిందా’. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మీ తీరే అంత. ఆ పేజీ ఎనిమిదిసార్లు చదివాను. చదివి, రాద్దామని తీసుకున్న కాగితం వైపు చూశాను. బాగుపడిందని రాస్తే ఇక మీరు నాకు రాయడానికి కారణం ఏముంటుంది? ఆదివారం ఫోన్‌లో ‘బాగానే ఉన్నావా, బాగానే ఉన్నాను’తో సరిపెట్టేస్తారు.

అందుకని భీమయ్యకు కొత్త జబ్బు తెప్పించాను.

నా అంతట నేను కల్పిస్తే మీరు ఇట్టే పట్టేస్తారు. కనుక గరాజ్‌లో అట్టపెట్టెలు వెతికితే మీ నీలం అట్ట నోటుపుస్తకాలు మూడు దొరికాయి. మీ ల్యాబులో ఏ యంత్రానికి ఏ రోజు ఏమొచ్చింది, ఏం చేస్తే తగ్గింది, అన్నీ మీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నవి. మంగళవారం నిండిపోయే డిస్కు 1999ది. వెనక్కి నడిచే గడియారం 2003ది. మాయమయ్యే నెట్‌వర్క్ కార్డు 2007ది. తగలబడే ప్రింటర్ అన్నిటికంటే పాతది, ఆ పేజీలో మీరు నవ్వుతున్న బొమ్మ కూడా వేశారు. ఇన్ని యంత్రాల జబ్బులు తీసుకొచ్చి పాపం ఒక్క భీమయ్య ఒంటికే అంటగట్టాను. నాలుగు ఉత్తరాలు అలా రాశాను. మీరు ఒక్కొక్కదానికీ బొమ్మలు గీసి మూడేసి పేజీలు జవాబు రాశారు. ప్రతి జవాబులోనూ కొంచెం కొంచెం ఎక్కువగా మీరు కనిపించారు. నేను పండగ చేసుకున్నాను. అక్కడ మీకు ఏమవుతోందో ఆలోచించలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగాను.

శనివారం బిందూ సాకేతూ వచ్చారు. బిందు మీ ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. “అమ్మా, తాతయ్యకి వచ్చిందే నాన్నకి కూడానా? వీ నీడ్ టు సీ ఎ స్పెషలిస్ట్. మండే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటా” అంది. నేను కాఫీ వంకతో వంటింట్లోకి తప్పుకున్నాను. కాసేపటికి బట్టలు మెషీన్‌లో వెయ్యడానికి లాండ్రీలోకి వెళ్లింది. మీ కూతురు కదా, భీమయ్య లైటు పచ్చగా వెలుగుతుంటే ఊరుకుంటుందా. ఎన్నాళ్లుగా ఆగకుండా నడుస్తున్నాడో చెప్పమని, అప్‌టైమ్ అని కొట్టింది.

“అమ్మా! కమ్ హియర్! ఇట్స్ బీన్ అప్ ట్వంటీ ఎయిట్ డేస్! నాన్న దీనికోసం అక్కడ పిచ్చెక్కిపోతుంటే నువ్వేం చేస్తున్నావ్?”

అప్పుడు దానికి అంతా చెప్పాను, పిండితో మొదలుపెట్టి. వినేసి అది బుట్ట మీద కూర్చుండిపోయింది. “దట్స్ సో బ్యాడ్ అమ్మా” అంది. ఆ వెంటనే, “దట్స్ సో స్వీట్” అంది. మళ్లీ, “నో, ఇట్స్ బ్యాడ్” అని తేల్చింది. సాకేత్ వెనక నుంచి, “అత్తయ్యా, ఏ టెస్టింగ్ టీమూ మామయ్యని ఇంత ఏడిపించి ఉండదు” అన్నాడు. ఆదివారం ఫోన్‌లో మీకు చెప్పెయ్యమని బిందు నా పక్కనే నిలబడింది. మీరు ‘బాగానే ఉన్నావా’ అన్నారు. మీ గొంతు చాలా సన్నగా వచ్చింది. మీ వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నేనూ బాగానే ఉన్నానని పెట్టేశాను. ఇలాంటివి కాగితం మీద చెప్పడమే నాకు చేతనవుతోంది.

కనుక ఇప్పుడు మీ చివరి లైన్లకి నా జవాబు. నిలబడి ఉంటే కూర్చుని చదవండి.

అవన్నీ ఎక్కడో చూసినట్టే ఉందన్నారు. చూశారు కనుక ఉంది. మీ చేత్తోనే రాశారు. పాతికేళ్ల కిందట ఒక్కసారి వచ్చిపోయిన సంగతి, నా వంకర తర్జుమాలో, పోస్టులో ఎడారికి వస్తే, ఇది నాకు తెలిసినదే అని మీ మనసు గుర్తుపట్టింది. ఎక్కడిదో తట్టలేదంటే, ఇన్నిటినీ ఒకే యంత్రం మీదకి తెచ్చి కట్టిన మహాతల్లిని నేను కనుక తట్టలేదు. మామయ్యగారి జబ్బు అది కాదు. ఆయన తెలిసినదాన్ని తెలియదనుకునేవారు, నేను కాఫీ ఇస్తే మీరెవరమ్మా అనేవారు. ఆయనకి మూడేళ్లు అన్నం కలిపి పెట్టినదాన్ని, ఆ తేడా నాకు తెలియదా? మీకు మతిమరుపు లేదు. ఉన్నదల్లా అబద్ధాలాడే పెళ్లాం. దీనికి స్పెషలిస్టు అక్కర్లేదు.

నేను మిమ్మల్ని ఏడిపించాను. నవ్వుతూ రాస్తున్నాను గానీ, మీరు మామయ్యగారిని తలుచుకుని ఆ మంచం మీద ఒక్కరే కూర్చుని ఉంటారన్న ఊహ వస్తే కలం పక్కన పెట్టేస్తున్నాను. నన్ను క్షమించండి. పిండికి కాదు, పిండికి కావలిస్తే తిట్టండి. ఈ నెల రోజులకి క్షమించండి.

ఆ పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టండి. ఇది అందిన రోజే పెట్టండి. రిటైరయ్యాక ఎవరూ పిలవరనుకున్న మనిషిని, ఆ పెద్ద యంత్రాలు చూసుకోమని వాళ్లు పిలిచి మరీ బతిమాలుతున్నారు. నాకోసమని మానకండి. ఆరు నెలలు ఇంట్లో ఒక్కదాన్నే ఉండగలను. సీతాదేవి ఉంది, పిల్లలు నెలకోసారి వస్తారు, ఫ్యాను తుడవడం కూడా వచ్చేసింది. మీరు దూరంగా ఉంటారని నాకు దిగులు లేదు. మీరు తిరిగొచ్చి, నా ఎదురుగా కూర్చుని, మళ్లీ మాట్లాడటం మానేస్తారేమోనని దిగులు.

అందుకని ఒక్కటి అడుగుతున్నాను. యంత్రం బాగుంది, నేనూ బాగున్నాను, ఇక్కడ మీరు సరిచెయ్యాల్సింది ఏదీ లేదు. అయినా వచ్చే వారం నాకొక ఉత్తరం రాయండి.

ఇట్లు,
తప్పంతా తనదేనని ఒప్పుకుంటూ,
మీ ఇల్లాలు
శేషుకుమారి